"డబ్బులిచ్చినా కదా అక్కా, ఇంక తప్పేముంది" అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసిందంతా చదివినా. రేణిగుంటలో కంపెనీ పని, భార్య కాన్పుకని చిత్తూరులో పుట్టింటికి పోయింది, పాపకి నాలుగో నెల, నువ్వు తిరుపతిలో రూంలో ఒక్కడివే ఉంటా కొన్ని నెలలుగా లాడ్జికి పోతా ఉన్నావు, సెక్స్ వర్కర్‌గా ఉండే ఒకే ఆమె దగ్గరికి. "డబ్బులిచ్చినా, ఆమె ఒప్పుకునింది, ఎవరికీ బాకీ లేను, సుప్రీంకోర్టే తప్పు కాదనింది" అంటావు. నాలుగు లైన్లు పోయినాక "మిగతావాళ్ళతో ఉన్నట్టు నాతో ఉండదక్కా, నేనంటే ఇష్టం, భోంచేసినావా అని అడుగుతుంది" అంటావు.

డబ్బుతో లెక్క తీరిపోయిందంటే అక్కడ ఇష్టం మాట లేదు. ఇష్టమే అయితే డబ్బు లేకుండా ఒకసారి పోయి చూడు, తలుపు తీస్తుందా? ఇట్లాంటి విషయంతో నా దగ్గరికొచ్చే మగవాళ్ళు చాలామంది భార్య గుర్తొచ్చినప్పుడు "అది వట్టి బేరమే" అనుకుంటారు, ఆ గదిలో ఉన్నంతసేపు "ఇది బేరం కాదు" అనుకుంటారు, ఎప్పుడు ఏది మనసుకి హాయిగా ఉంటే అది. నిన్ను తిట్టాలని కాదు తమ్ముడూ, నీకు తోడు కావాల్సొచ్చింది, అది నాకు అర్థమవుతుంది. కానీ నవ్వుతా మాట్లాడడం ఆమె పనిలో భాగమే, కస్టమర్ గొడవ చేయకుండా, కండోమ్ వద్దని మొండికేయకుండా, మళ్ళీ వచ్చేటట్టు, అది మోసం కాదు బతుకుతెరువు. నీమీద కొంచెం అభిమానం నిజంగానే ఉండొచ్చు కూడా. అయినా "ఈరోజు నాకు బాగలేదు, వెళ్ళిపో" అని ఆమె అనగలదా, అంటే ఆరోజు సంపాదన పోతుంది కదా, నువ్వు ఎప్పుడన్నా అడిగినావా?

కోర్టు మాట కూడా సగమే విన్నావు. 2022లో సుప్రీంకోర్టు చెప్పింది సెక్స్ వర్కర్ల గౌరవం గురించి, ఇష్టపూర్వకంగా ఈ పని చేసే మేజర్లని పోలీసులు వేధించకూడదని. వ్యభిచార వ్యాపారాన్ని అడ్డుకోడానికి తెచ్చిన 1956 చట్టం అట్లే ఉంది, గుడికో బడికో ఆసుపత్రికో 200 మీటర్ల లోపల అయితే పోయినవాడికి కూడా మూడు నెలల దాకా జైలు ఉంది, తిరుపతిలో గుడికి దూరంగా ఉండే లాడ్జి ఎక్కడుంది చెప్పు. ఎవరన్నా బలవంతంగా తెచ్చి పెట్టిన మనిషని తెలిసి పోతే అది ఇంకా పెద్ద కేసు.

రెండుసార్లు కండోమ్ లేకుండా జరిగిందన్నావు చూడు, నాకు అన్నిటికన్నా భయం అది. తిరుపతి రుయా ఆసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్ఐవీ సలహా, టెస్ట్ సెంటర్‌కి పో, హెచ్ఐవీ టెస్ట్ ఫ్రీ, పేరు బయటికి రాదు, సిఫిలిస్ టెస్ట్ కూడా అడుగు. కండోమ్ లేకుండా జరిగి 72 గంటలు దాటకపోతే ఈరోజే డాక్టర్ని కలువు, హెచ్ఐవీ అంటకుండా ఆ లోపల మొదలుపెట్టే మందులున్నాయి. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా, చివరిసారి పోయిన రోజునుంచి మూడు నెలలు దాటినాక ఇంకోసారి చేయించుకోవాల. డౌట్లుంటే హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్. ఇది నీ ఒక్కడి విషయం కాదు, పాలిచ్చే తల్లికి అంటుకుంటే బిడ్డకీ ప్రమాదమే.

భార్యకి చెప్పాలా అన్నావు. చెప్పాల. వచ్చే నెల ఆమెని తీసుకొస్తానంటున్నావు, ఆ రెండో టెస్ట్ అయ్యేదాకా దూరంగా ఉండాల, ఎందుకని అడిగితే అబద్ధం చెప్తావా? ఫోన్లో వద్దు, చిత్తూరు పోయి చెప్పు. "నువ్వు లేవు కాబట్టే ఇట్లయింది" అని ఆమెతో అనే మాట మాత్రం నోట్లోనుంచి రానీయొద్దు, ఆమె పోయింది నీ బిడ్డని కనడానికి. వాళ్ళమ్మ ఇంట్లో ఉండగానే చెప్పు, ఏడ్చినా అరిచినా పక్కన ఆమె మనిషి ఒకరుండాల.