బైకు మీద తిరిగే అత్యవసర వైద్య, రేడియో బృందంలో వాలంటీరుగా చేరితే ఎలా ఉంటుంది?

మీరు టెక్సాస్‌లో ఉద్యోగ వీసా మీద ఉన్నారు, బైకు నడుపుతారు, వైద్యం చదువుకోలేదు, హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని మామూలు మనుషులు సరదాకు, సేవకు నడిపే రేడియో) గురించి వినడమే తప్ప ముట్టుకోలేదు. సైకిల్ యాత్రల్లో బైకుల మీద తిరుగుతూ సాయపడే బృందంలో చేరవచ్చా, చేరితే ఏం చేయిస్తారు అని అడిగారు. హ్యూస్టన్ పరిసరాల్లో అలాంటి బృందంతో కొన్నేళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి చెబుతున్నాను: నిరభ్యంతరంగా చేరండి. సైరన్ మోగించుకుంటూ దూసుకుపోవాలన్న సరదాతో వస్తే మాత్రం తొందరగానే నీరసపడతారు. మాకు సైరన్ లేదు. వేగ పరిమితి అందరితోపాటు మాకూ వర్తిస్తుంది. ఎర్ర దీపం దగ్గర అందరితోపాటే ఆగుతాం.

అత్యవసర వైద్యం అనగానే మనకు 108 గుర్తొస్తుంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఆ సేవ, ఆ తర్వాత మన్యం దారుల్లోకి వచ్చిన ఫీడర్ అంబులెన్సు బైకులు మీకు తెలిసే ఉంటాయి. బెంగాల్‌లోని జల్పాయ్‌గురి జిల్లాలో రోగులను తన బైకు మీదే ఆసుపత్రికి చేర్చిన కరీముల్ హక్‌కు 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అక్కడ బైకు ఉన్నది రోగిని మోయడానికి. ఇక్కడ మేము ఎవరినీ మోయం. ముందుగా చేరతాం, చూస్తాం, చెబుతాం, అంబులెన్సు వచ్చేదాకా నేర్చుకున్నంత మేరకు సాయం చేస్తాం. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న రోగుల కోసం నిధులు సేకరించే ఎంఎస్ 150 లాంటి యాత్రల్లో వేల సైకిళ్లు రెండు రోజులపాటు పల్లెటూరి రోడ్ల వెంట సాగుతాయి. ఇరుకు రోడ్డు, పక్కన కాలువ, ముందూ వెనకా సైకిళ్లు. అలాంటి చోట కారు ఇరుక్కుంటుంది, బైకు నెమ్మదిగానైనా అందరినీ తప్పించుకుని చేరుతుంది. బైకు వల్ల ఒరిగేది అంతే. అసలు పని రేడియోది.

ఫోను ఉండగా రేడియో ఎందుకని నేనూ మొదట్లో అడిగాను. సిగ్నల్ లేని చోట్లు ఉంటాయన్నది ఒక కారణమే కానీ పెద్ద కారణం కాదు. ఫోను ఇద్దరి మధ్య మాట. రేడియోలో ఒకరు మాట్లాడితే దారి పొడవునా ఉన్న మావాళ్లందరూ వింటారు. ఫలానా వంతెన దాటాక ఒకరు పడ్డారని నేను అనగానే నెట్ కంట్రోల్ అంబులెన్సును పిలిచే పనిలో పడుతుంది. వెనక వస్తున్న మరో బైకు వంతెనకు ఇవతలే సైకిళ్లను నెమ్మదింపజేస్తుంది. అలసినవారిని ఎక్కించుకునే వ్యాను ఎవరూ చెప్పకుండానే అటు తిరుగుతుంది. నెట్ కంట్రోల్ అంటే మాలో మాటల వంతులు చూసే మనిషి. పెళ్లి వంటశాలలో నిలబడే పెద్దమనిషి లాంటివాడు, తాను ఏదీ వండడు కానీ ఏ గిన్నె ఎప్పుడు కదలాలో అతనికే తెలుసు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు సెల్‌ఫోన్ నెట్‌వర్కులు రద్దీ తట్టుకోలేకపోయాయి. ఆ పరుగుకు సాయంగా దారి వెంట హ్యామ్ వాలంటీర్లు అప్పటికే రేడియోలతో ఉన్నారు.

రేడియోలో మాట్లాడటం తేలిక, సరిగా మాట్లాడటం కష్టం. బటన్ నొక్కిన వెంటనే నోరు తెరిస్తే మొదటి మాట పోతుంది, ఎందుకంటే రిపీటర్, అంటే మన మాటను అందుకుని దూరానికి తిరిగి పంపే యంత్రం, మేలుకోవడానికి క్షణంలో సగమైనా పడుతుంది. పోయేది తరచుగా మనం పిలుస్తున్నవారి పేరే. ఇద్దరు ఒకేసారి నొక్కితే వినేవాళ్లకు గరగర తప్ప ఏమీ మిగలదు. అందుకే ముందు వినాలి, తర్వాత నొక్కాలి, ఒక శ్వాస ఆగాలి, అప్పుడు చెప్పాలి. ఏం జరిగింది, ఎక్కడ, ఎంతమందికి, ఏం కావాలి, అంతవరకే. రోగి పేరు ఎప్పుడూ గాలిలోకి వెళ్లకూడదు. చొక్కాకు తగిలించుకున్న నంబరు చెబితే చాలు. హ్యామ్ రేడియోలో రహస్యం అంటూ ఉండదు, రేడియో మాటలు పట్టే స్కానర్ ఉన్న ఎవరైనా వినవచ్చు. పది నిమిషాలకు ఒకసారి, సంభాషణ చివర, మన కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తు) చెప్పడం చట్టం.

మన యాస గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఈ ఒక్క భయంతోనే వెనక్కి తగ్గడం చూశాను. యాస వల్ల ఇబ్బంది పెద్దగా రాదు. వేగం వల్ల వస్తుంది. అంకెల దగ్గర ఇంకా ఎక్కువగా వస్తుంది. మనం అలవాటుగా 'నైన్ డబుల్ సిక్స్' అంటాం. ఆ పద్ధతి అలవాటు లేని అవతలి మనిషి, గాలి హోరులో, తొంభై ఆరు అని రాసుకుంటాడు. అంబులెన్సు వేరే చోటికి పోవడానికి ఆ ఒక్క ఆరు చాలు. అంకెలు విడివిడిగా, అక్షరాలు బికి బ్రావో, డికి డెల్టా అనే పద్ధతిలో చెప్పడం వారం రోజులు సాధన చేయండి. నేను ఆఫీసుకు వెళ్లే దారిలో ముందు కార్ల నంబరు ప్లేట్లు పైకి చదువుకునేవాడిని. పక్క లేన్‌లో వాళ్లు ఏమనుకున్నారో నాకు అనవసరం.

వైద్యం రాదని వెనకాడకండి. మా బృందంలో పారామెడిక్కులు ఒకరిద్దరే, మిగతావాళ్లం ప్రథమ చికిత్స వరకే. సీపీఆర్ (గుండె ఆగినవారికి రొమ్ము నొక్కడం), ఏఈడీ (గుండెకు విద్యుత్ షాకిచ్చే పెట్టె) శిక్షణ సాధారణంగా ఒక్క పూట పని, ధ్రువపత్రం రెండేళ్లు చెల్లుతుంది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున రొమ్ము నొక్కడం చేతికి రావాలి, పుస్తకంలో చదివితే రాదు. రక్తస్రావం ఆపడం నేర్పే స్టాప్ ద బ్లీడ్ తరగతి చాలాచోట్ల ఉచితం. విపత్తుల్లో ఇరుగుపొరుగుకు సాయపడటం నేర్పే సెర్ట్ శిక్షణ సుమారు 20 గంటలు, అదీ ఉచితమే. 1985లో లాస్ ఏంజెలెస్ అగ్నిమాపక శాఖ మొదలుపెట్టిన పద్ధతి అది. వీటి తర్వాత ఆసక్తి మిగిలితే ఈఎంటీ (అత్యవసర వైద్య సహాయకుల) కోర్సు గురించి ఆలోచించవచ్చు.

మేము ఎక్కువగా చూసేవి పంక్చర్లు, మోచేతి గీరుళ్లు, అప్పుడప్పుడు విరిగిన కాలర్‌బోన్లు (మెడ కింద భుజం దాకా ఉండే ఎముకలు). మమ్మల్ని నిజంగా భయపెట్టేది వేడి. హ్యూస్టన్ గాలిలో తేమ మన కోస్తా వేసవికి ఏమీ తీసిపోదు. ఒకసారి ఒక పెద్దాయన సైకిలు దిగి కంచె పట్టుకుని నిలబడి ఉన్నాడు. అడిగితే బాగానే ఉన్నానన్నాడు. పొద్దున ఎక్కడ బయలుదేరారు అంటే చెప్పలేకపోయాడు, ఇంకోసారి అడిగితే కోప్పడ్డాడు. ఒళ్లంతా చెమట. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని మన పెద్దలు అంటారు, ఇక్కడా అంటారు. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండవచ్చు. తికమక మాటలు, అకారణ కోపం, తూలడం కనిపిస్తే చాలు, ఇక ఆలోచించకూడదు. నేను రేడియోలో చెప్పిన కొద్దిసేపటికే ఐసు పెట్టెలున్న వ్యాను వచ్చింది. నీడలో పడుకోబెట్టి, ఐసు నీళ్లలో ముంచిన తువ్వాళ్లు ఒంటి మీద పరిచి, వేడెక్కినవాటిని తీసి కొత్తవి వేస్తూ పోయాం. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అంబులెన్సు వచ్చేసరికి తన పేరు, భార్య పేరు చెప్పగలుగుతున్నాడు. ఆ తర్వాత ఆయన సంగతి మాకు తెలియదు. ఎవరి సంగతీ తెలియదు, అది ఈ పనిలో ఉన్నదే.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. వేడికి భయపడి నీళ్లే తాగుతూ పోయేవారిలో రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక, చూడటానికి కొంత ఒకేలా ఉంటాయి. అలాంటి మనిషికి మరో సీసా నీళ్లు పట్టించడం ప్రమాదం. ఏది ఏమిటో తేల్చడం మన పని కాదు, ఏం తాగారో ఎంత తాగారో అడిగి వైద్యులకు చెప్పడం మన పని. సదుద్దేశంతో, ప్రతిఫలం ఆశించకుండా అత్యవసరంలో సాయపడేవారికి టెక్సాస్ చట్టం రక్షణ ఇస్తుంది. తెలిసి చేసిన నిర్లక్ష్యానికి ఆ రక్షణ లేదు. నేర్చుకోనిది ఉత్సాహంతో చేయకండి.

కొత్తవాళ్లు చేరకముందే సామాను కొంటారు. ఆగండి. మొదట 5 వాట్ల చేతి రేడియో సరిపోతుంది. బ్యాటరీకి కలిపే 50 వాట్ల రేడియో, హెల్మెట్‌లో మైకు, ఎడమ చేతి దగ్గర బటన్, ఇవన్నీ తర్వాత సంగతి. కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కారు మీద పనిచేసే పొట్టి యాంటెనాకు కింద లోహపు రేకు కావాలి, ప్లాస్టిక్ ఒళ్లున్న బైకు మీద అది సరిగా పనిచేయదు, ఆ రేకు అవసరం లేని సగం తరంగపు (హాఫ్ వేవ్) యాంటెనా తీసుకోవాలి.

ఇక లైసెన్సు, వీసా. అమెరికాలో హ్యామ్ లైసెన్సుకు పౌరసత్వం అక్కర్లేదు, విదేశీ ప్రభుత్వ ప్రతినిధి కాకపోతే చాలు. మొదటి మెట్టు అయిన టెక్నీషియన్ పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగా రాయాలి, ప్రశ్నలన్నీ ముందే ప్రచురించి ఉంటాయి. మోర్స్ కోడ్ 2007లోనే తీసేశారు. లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి కట్టేది 35 డాలర్లు, పదేళ్లు చెల్లుతుంది. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలు రాసినవారికి ఇది రెండు వారాంతాల చదువు. హ్యామ్ రేడియోతో సేవ చేసేవారు అందుకు డబ్బు తీసుకోవడం నిషేధం, వీసా విషయంలో కూడా అది మనకు మంచిదే. అయినా పెట్రోలు ఖర్చు, బహుమతి కార్డు లాంటివి ఇస్తామంటే తీసుకునే ముందు మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయరును ఒక మాట అడగండి. బైకు బీమా కంపెనీని కూడా అడగండి, ఇలాంటి కార్యక్రమంలో నడిపితే వర్తిస్తుందా అని. జవాబు రాతలో తీసుకోండి.

ఇండియా తిరిగి వెళితే అక్కడి పరీక్ష వేరు, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ ఇచ్చే లైసెన్సు వేరు. హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఆ శిక్షణ ఇస్తుంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున అండమాన్ వెళ్లి రేడియో నడుపుతున్న భారతీ ప్రసాద్, సునామీ వచ్చాక పోర్ట్ బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లు అందించారు. సరదాకు వెళ్లిన రేడియో సాయానికి నిలబడింది.

మరొక్కటి. లైసెన్సు దరఖాస్తులో రాసిన చిరునామా ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో ఎవరు వెతికినా కనిపిస్తుంది. ఇంటి చిరునామా అలా బయటపడటం ఇష్టం లేకపోతే ముందు పోస్టాఫీసులో పెట్టె అద్దెకు తీసుకుని, ఆ నంబరుతోనే దరఖాస్తు చేయండి. తర్వాత మార్చుకోవచ్చు కానీ, అప్పటికే నకలు చేసుకున్న ఇతర వెబ్‌సైట్లలో పాతది అలాగే ఉండిపోతుంది.