పాత మడతకత్తుల వేలం: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

పిట్స్‌బర్గ్ నుంచి మావయ్య ఆశీస్సులు. ఈ ఆదివారం రాత్రి ముగియబోయే ఈబే వేలంలోని కేస్ కంపెనీ మడతకత్తి ఫోటోలు నాలుగు పంపి, "ఎంత నిగనిగలాడుతోందో చూడండి మావయ్యా, పాట పాడమంటారా?" అని అడిగావు. నీకు నచ్చిన ఆ నిగనిగే నన్ను ఆలోచనలో పడవేసింది. యాభై ఏళ్లు దాటిన కార్బన్ స్టీలు బ్లేడు అద్దంలా మెరుస్తున్నదంటే, అది ఏనాడూ పెట్టెలోంచి బయటికి రాకుండా ఉండి ఉండాలి, లేకపోతే అమ్మే ముందు ఎవరో దానిని మెరుగుపెట్టే బఫింగ్ చక్రానికి ఆనించి ఉండాలి. మొదటి రకం నాకు ఏడాదికి ఒకటో రెండో కనబడతాయి. రెండో రకం వారానికి పది కనబడతాయి. తుప్పు మచ్చ ఉన్న కత్తిని చూసి మనం ఎలాగూ జాగ్రత్తపడతాము కాబట్టి, కొత్తవారి డబ్బు ఎక్కువగా పోయేది మెరిసే కత్తుల దగ్గరే.

రుద్దిన కత్తిని ఫోటోలోనే పట్టుకోవచ్చు. బ్లేడు పిడిలోకి వెళ్లే మొదలు భాగాన్ని ట్యాంగ్ అంటారు. కంపెనీ ముద్ర ఉండేది దాని మీదే. ఆ అక్షరాల అంచులు కోసినట్టు పదునుగా ఉండాలి. అవి లోతు తగ్గి, అరిగిన నాణెం మీది అక్షరాల్లా కనబడితే చక్రం వాటి మీదుగా వెళ్లిందని అర్థం. బ్లేడు తెరవడానికి గోరు ఆనించే గాడి అంచులు గుండ్రబడ్డాయేమో చూడు. ఫ్యాక్టరీలో సాన పట్టినప్పుడు బ్లేడు మీద మిగిలే సన్నని అడ్డగీతలు ఉన్నాయో లేదో చూడు. మెరుపు కింద చిన్న చిన్న గుంటలు ఉండి, వెలుతురు వాటి మీద నీటి అలల్లా వంకరపోతే, ఒకప్పుడు అక్కడ తుప్పు లోతుగా తిన్నదన్నమాట. పిడి చివర లోహపు తొడుగుకూ ఎముకకూ మధ్య గీత కూడా ముఖ్యమే: చక్రం పెట్టినప్పుడు మెత్తని ఎముక ముందుగా అరిగి, లోహం కంటే ఒక వెంట్రుకవాసి కిందికి దిగిపోతుంది. నేను కొత్తలో కొన్న మూడు కత్తుల్లో రెండు ఇటువంటివే. వాటిని చూసిన ఒక పెద్దమనిషి ఏమీ అనకుండా తన జేబులోని నల్లబడిన పాత కత్తిని తీసి పక్కన పెట్టాడు. నేను కోల్పోయినది ఏమిటో అప్పుడు తెలిసింది. వాడకం వల్ల స్టీలుకు వచ్చే ఆ నీలి బూడిద రంగును ఎవరైనా నిమిషంలో చెరిపేయగలరు కానీ, మళ్లీ తెప్పించాలంటే కొన్నేళ్లు పడుతుంది.

ఇక వయసు సంగతి. కేస్ కంపెనీ మా పెన్సిల్వేనియా రాష్ట్రంలోనే, బ్రాడ్‌ఫర్డ్‌లో ఉంది కాబట్టి నాకు వాటి మీద కొంచెం పక్షపాతం ఉన్న మాట నిజమే. అయితే కొత్తవారికి నేను వాటినే సూచించడానికి అసలు కారణం, ఆ ముద్ర చదవడం వస్తే కత్తి పుట్టిన కాలం చాలావరకు తెలిసిపోతుంది. 1920 నుంచి 1940 వరకు "కేస్ టెస్టెడ్ ఎక్స్ఎక్స్" అని, ఆ తరవాత 1960ల నడుమ వరకు "కేస్ ఎక్స్ఎక్స్" అని, 1965 నుంచి 1969 వరకు దానికి "యూఎస్ఏ" చేర్చి కొట్టారు. 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి చొప్పున తీసేస్తూ పోయారు. 1979 నాటికి ఒక్క చుక్క మిగిలింది. చిక్కంతా ఆ తరవాత ఉంది. 1980లో మళ్లీ పది చుక్కలు వచ్చాయి, కానీ ఈసారి ఎస్ అక్షరాలు మెరుపు తీగలా కోణాలుగా ఉంటాయి. చుక్కలు మాత్రమే లెక్కపెట్టి 1980 కత్తిని 1970 కత్తిగా అమ్మేవారిలో తెలియక చేసేవారూ ఉన్నారు, తెలిసి చేసేవారూ ఉన్నారు. పదేళ్ల తేడాకు డబ్బు చెల్లించేది మాత్రం నీవే.

ముద్రకు తోడు చాలా కత్తుల మీద ఒక అంకె ఉంటుంది. పాతవాటిలో అది లేకపోవచ్చు. నీవు పంపిన కత్తి మీద 6318 అని ఉంది కదా, అందులో 6 అంటే గాట్లు పెట్టిన ఎముక పిడి, 3 అంటే మూడు బ్లేడ్లు, 18 అంటే పశువుల కాపర్ల కోసం రూపొందించిన స్టాక్‌మన్ ఆకారం. మొదటి అంకె 5 అయితే కొమ్ము పిడి ఉండాలి. 6 అని ఉండి పిడి కొమ్ముదైతే, లేదా 3 అని ఉండి బ్లేడ్లు రెండే ఉంటే, మధ్యలో ఎవరి చెయ్యో పడిందని తెలుసుకో. 1960ల చివరి నుంచి ఎముకకు బదులు డెల్రిన్ అనే ప్లాస్టిక్ వేసినవాటికి కూడా 6 అంకే కొట్టారు కాబట్టి, అంచుల దగ్గర ఎముకకు ఉండే సన్నని రంధ్రాలు కనబడుతున్నాయో లేదో పెద్ద ఫోటోలో చూడాలి.

తక్కిన కంపెనీల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరపు కత్తిని 1850 నాటిదని అమ్ముతూ ఉంటే, ముద్రలో "ఇంగ్లండ్" అన్న మాట ఉన్నదేమో చూడు. దిగుమతి వస్తువుల మీద దేశం పేరు ఉండాలన్న అమెరికా 1890 చట్టం తరవాతే ఆ మాట సాధారణంగా వాడుకలోకి వచ్చింది. "స్టెయిన్‌లెస్" అని ఉంటే విక్టోరియా రాణి కాలం మాట ఎత్తనే అక్కరలేదు, ఎందుకంటే ఆ ఉక్కు షెఫీల్డ్‌లో తయారైనది 1913లో. రెమింగ్టన్ కంపెనీ పాత కత్తులు 1920 నుంచి 1940 వరకు వచ్చినవి. పిడి మీద తూటా బొమ్మ ఉన్నవాటికి 1982 నుంచి అదే పేరుతో కొత్త నమూనాలు విడుదలయ్యాయి. వాటినీ "వింటేజ్" అనే అమ్ముతారు. అసలైన తూటా కత్తులకు నకిలీలు కూడా విస్తారంగా ఉన్నందువల్ల, వాటిని చేత్తో పట్టుకుని చూడకుండా నేను కొనను.

పిడుల్లో కొమ్ము పిడి అందం వేరు. షెఫీల్డ్, జర్మనీ, అమెరికా కత్తులకు వాడిన మేలురకం కొమ్ము చాలావరకు భారతదేశపు సాంబార్ జింకది, అంటే మన నల్లమలలో తిరిగే కణుజుది. 1990ల చివరలో మన ప్రభుత్వం కొమ్ముల ఎగుమతిని ఆపేసిన తరవాత పాత కొమ్ము పిడులకు గిరాకీ పెరిగింది. దంతపు పిడి జోలికి మాత్రం వెళ్లవద్దు. ఈబేలో 2009 నుంచే దాని అమ్మకం నిషిద్ధం, అందుకే మారుపేర్లతో పెడుతూ ఉంటారు. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి చూడడానికి ముచ్చటగా ఉంటుంది కానీ, కాలం గడిచేకొద్దీ అది తనంతట తానే కుళ్లి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసి ఉన్నప్పుడు పిడిలో ఉండే భాగం మాత్రమే తుప్పుపట్టి, పైకి కనబడే భాగం బాగుంటే అది కుళ్లడం మొదలైనట్టే. అటువంటి కత్తి ఒకదాన్ని తెలియక నేను మంచి కత్తుల సొరుగులోనే పెట్టాను. రెండేళ్ల తరవాత సొరుగు తెరిస్తే పక్కనున్న మూడింటికీ తుప్పు అంటుకుంది. నాటి నుంచి మీ అత్తయ్య ఆ సొరుగును "అంటురోగాల ఆసుపత్రి" అంటోంది.

ఇప్పుడు పాట పాడే పద్ధతి. ముందుగా ఈబేలో అమ్ముడైపోయిన వస్తువుల జాబితా తెరిచి, అదే అంకె, అదే చుక్కలు ఉన్న కత్తులు నిజంగా ఎంతకు పోయాయో చూడు. అమ్మేవారు అడుగుతున్న ధరలతో మనకు పని లేదు. అప్పుడు ఇంటికి చేరేసరికి మొత్తం ఎంత పెట్టగలవో నిర్ణయించుకుని, వెనక్కి లెక్క కట్టు. ఉదాహరణకు 80 డాలర్లు నీ హద్దు అనుకో. మా కౌంటీలో అమ్మకం పన్ను 7 శాతం కాబట్టి, 80ని 1.07తో భాగిస్తే 74.77 వస్తుంది. అందులోంచి తపాలా ఖర్చు 6 డాలర్లు తీసేస్తే 68.77, నేను పెట్టే గరిష్ఠ మొత్తం అదే. నీ ఊరి పన్ను ఎంతో చూసుకుని లెక్క మార్చుకో. గరిష్ఠం చెబితే ఈబే నీ తరఫున అవసరమైనంత మేరకే పాట పెంచుతుంది. అవతలి వ్యక్తి గరిష్ఠం 60 అయితే, ఆ స్థాయిలో పాట ఒక్కొక్క డాలరు చొప్పున పెరుగుతుంది కాబట్టి కత్తి నీకు 61కే వస్తుంది. నీ గరిష్ఠం ఎంతో అతనికి తెలియదు. కాకపోతే ఆ మొత్తాన్ని మూడు రోజుల ముందే పెట్టేస్తే, ఎవరో ఒకరు రెండేసి డాలర్లు పెంచుతూ నీ హద్దు ఎక్కడుందో తడుముతారు. అందుకే నేను చివరి పది సెకన్లలో ఒకే ఒక్కసారి పెడతాను. పోతే పోయింది, ఇంకోటి వస్తుంది. ఓడిన మరుక్షణమే "ఇంకో అయిదు వేసి ఉంటే" అనిపించడం వేలం వెర్రికి మొదటి లక్షణం. నాకూ ఉండేది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నీ కత్తి విషయానికి వస్తే, నాలుగు ఫోటోల్లోనూ ట్యాంగ్ మీది కంపెనీ ముద్ర స్పష్టంగా లేదు, మూడు బ్లేడ్లూ తెరిచిన ఫోటో అసలే లేదు. ఈ రాత్రే అమ్మే వ్యక్తికి మర్యాదగా రాసి మూడు ఫోటోలు అడుగు: ముద్రకు దగ్గరగా ఒకటి, బ్లేడ్లన్నీ తెరిచి రెండు వైపులా చెరొకటి. బ్లేడు తెరిచినప్పుడూ మూసినప్పుడూ స్ప్రింగు టక్కుమంటుందా, తెరిచి పట్టుకుంటే పక్కలకు ఊగుతుందా అని కూడా అడుగు. బ్లేడ్ల వెడల్పు చూసేటప్పుడు ట్యాంగ్ పక్కన అంచు లోపలికి మెట్టులా దిగిందేమో గమనించు. దిగితే ఎన్నో ఏళ్లు సాన పట్టి అరగదీశారన్నమాట, అప్పుడు ధర సగానికి తగ్గించి లెక్క కట్టాలి. ఫోటోలు వచ్చి, ఎస్ మామూలుగా ఉండి, అక్షరాల అంచులు నిలిచి ఉంటే నీ లెక్క ప్రకారం పాడు. "నాకు కత్తుల గురించి ఏమీ తెలియదు, ఉన్నది ఉన్నట్టే" అని మాత్రమే జవాబు వస్తే, ఆదివారం రాత్రి ఫోను పక్కన పెట్టి భోజనానికి కూర్చో. ఫోటోలు రాగానే నాకూ పంపించు, పడుకునే లోపు చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య