స్టేషన్ అమ్ముతారు, స్థలం అమ్మరు

పోయిన సంచికలో అమెరికా చిన్న ఊళ్లలోని పాత రైల్వే స్టేషన్ల గురించి నాలుగు ముక్కలు రాసి, సందేహాలుంటే పంపమన్నాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చినవాళ్లు, అక్కడే ఉంటున్నవాళ్లు, రైళ్లంటే పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది రాశారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మాయి ఉండే ఊళ్లో పాత స్టేషన్‌ని అందరూ డిపో అంటున్నారు. నాకేమో బస్సులే గుర్తొస్తున్నాయి. రెంటికీ తేడా ఏంటండీ?

జవాబు: మాటవరసకి ఏమీ లేదు. రైల్వేవాళ్ల లెక్క ప్రకారం మాత్రం స్టేషన్ అంటే టైమ్‌టేబుల్లో పేరున్న చోటు, అక్కడ ఒక్క గోడ లేకపోయినా అది స్టేషనే. డిపో అంటే ఆ చోట కట్టిన భవనం. కాబట్టి డిపో కూలిపోయినా స్టేషన్ మిగిలే ఉండొచ్చు. ఈ మెలిక గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ప్రశ్న: మూడు రాష్ట్రాలు తిరిగాను. ఏ ఊళ్లో చూసినా అదే పొడవాటి చెక్క ఇల్లు, అదే వెడల్పాటి చూరు, పట్టాల వైపు ముందుకు పొడుచుకొచ్చిన అదే కిటికీ. ఒకే మేస్త్రీ కట్టాడా ఏంటి?

జవాబు: ఇంచుమించు అంతే. ప్రతి రైల్వే కంపెనీ దగ్గరా తయారు ప్లాన్లు ఉండేవి. ఊరు చిన్నదైతే ఈ ప్లాను, కాస్త పెద్దదైతే ఆ ప్లాను, పైన కంపెనీ రంగు. చాలా చోట్ల ఒక చివర ప్రయాణికుల గది, రెండో చివర సరుకుల గది, మధ్యలో ఏజెంటు ఆఫీసు ఉండేవి. ఆ పొడుచుకొచ్చిన కిటికీ అందం కోసం పెట్టింది కాదు. ఏజెంటు టెలిగ్రాఫ్ ముందు నుంచి లేవకుండానే పట్టాలను రెండు వైపులా చూడగలగాలి కదా, అందుకు. రైలు ఎలా నడపాలో పై నుంచి టెలిగ్రాఫ్‌లో వచ్చే ఆర్డర్లను పల్చటి కాగితం మీద రాసి, ఒక కర్ర చివర తగిలించి, ఆగకుండా పోయే రైలు డ్రైవర్‌కి అందించేవాడు. డ్రైవర్ చెయ్యి చాపి లాక్కునేవాడు. పక్కన టన్నుల కొద్దీ ఇనుము దూసుకుపోతుంటే రోజూ ఆ పని చేసేవాడికి ఎంత గుండె ఉండాలో! ఇదే కాకుండా టికెట్లు అమ్మేదీ, పార్శిళ్లు తూచేదీ, ఊరివాళ్ల టెలిగ్రాములు పంపేదీ ఆయనే. కొన్ని డిపోల్లో ఆయన కుటుంబం పై అంతస్తులోనే కాపురం ఉండేది.

అన్నీ అచ్చు పోసినవే అని కూడా అనలేం. మసాచుసెట్స్‌లోని నార్త్ ఈస్టన్ డిపోని హెచ్. హెచ్. రిచర్డ్‌సన్ అనే పేరున్న ఆర్కిటెక్ట్ రాతితో కట్టాడు, 1884లో పూర్తయింది. ఆ ఊళ్లో పారల ఫ్యాక్టరీ ఉన్న ఏమ్స్ కుటుంబం దగ్గరుండి కట్టించింది. ఇప్పుడు అది ఊరి చరిత్ర సంఘం చేతిలో ఉంది.

ప్రశ్న: కార్లు వచ్చాయి, స్టేషన్లు పోయాయి. ఇంతే కదా కథ?

జవాబు: సగమే. కార్లూ, 1956 చట్టంతో మొదలైన పెద్ద హైవేలూ ప్రయాణికుల్ని లాక్కున్న మాట నిజం. కానీ చిన్న ఊళ్ల మీదుగా పోయే చాలా రైళ్లు అప్పటికే టికెట్ల డబ్బుతో బతకడం మానేశాయి, వాటిని నడిపించింది టపా. 1967లో పోస్టాఫీసు ఉత్తరాల పనిని రైళ్ల నుంచి చాలా వరకు లారీలకూ విమానాలకూ మార్చేసరికి, ఆ కాంట్రాక్టు మీద ఊపిరి పీలుస్తున్న రైళ్లు వరసగా ఆగిపోయాయి. 1971 మే 1న ప్రభుత్వం పెట్టిన ప్రయాణికుల రైళ్ల కంపెనీ ఆమ్‌ట్రాక్ వచ్చి ప్రయాణికుల రైళ్లను తన చేతిలోకి తీసుకున్న రోజు, మిగిలిన వాటిలో దాదాపు సగం రద్దయ్యాయి.

ఇక రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గూడ్సు రైళ్లు ఆగలేదు, ఇప్పటికీ ఆ ఊళ్ల మీదుగానే పోతున్నాయి. అయినా డిపో అక్కర్లేకుండా పోయింది, ఎందుకంటే రేడియో వచ్చింది. ఎక్కడో దూరాన కూర్చుని ఆ ఆర్డర్లిచ్చేవాడు నేరుగా డ్రైవర్‌తో మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఏజెంటెందుకు? ఏజెంటు లేని భవనం కంపెనీకి పన్నూ, ఇన్సూరెన్సూ, ఎవరి నెత్తినో చూరు విరిగిపడి కేసు వేస్తారేమోనన్న టెన్షనూ తప్ప ఇంకేం మిగల్చదు. అన్నిటికంటే చవకైన మార్గం బుల్‌డోజర్. ఆ తర్వాత 1980 నాటి స్టాగర్స్ చట్టంతో నష్టాల లైన్లు వదిలించుకోవడం కూడా తేలికైంది, దాంతో కొన్ని ఊళ్లలో పట్టాలు కూడా పోయాయి. 1916లో ఆ దేశంలో సుమారు 2,54,000 మైళ్ల రైలు మార్గం ఉండేది. అదే శిఖరం, అక్కణ్నుంచి దిగుడే.

ప్రశ్న: పాత స్టేషన్‌ని కంపెనీ ఒక్క డాలర్‌కి ఇచ్చేసిందని విన్నాను. అంత చవకగా వస్తుంటే ఊళ్లవాళ్లు ఎందుకు ఎగబడి కొనరు?

జవాబు: ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. డాలర్ మాట నిజమే, అలాంటి అమ్మకాలు చాలా జరిగాయి. కాకపోతే ఆ డాలర్‌కి వచ్చేది గోడలూ కప్పూ మాత్రమే. కింద నేల రైల్వేది, పట్టాలకు అటూ ఇటూ ఉండే స్థలంలో భాగం. రైళ్లు తిరుగుతున్న లైన్ పక్కన స్థలాన్ని ఏ కంపెనీ అయినా అమ్మడానికి అంత తొందరగా ఒప్పుకోదు. వాళ్ల వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే, రేపు రెండో పట్టా వెయ్యాల్సి రావొచ్చు, పైగా పర్యాటకులు పిల్లల్ని వెంటేసుకుని ప్లాట్‌ఫామ్ మీద ఫొటోలు దిగుతుంటే మైలు పొడవు గూడ్సు అంత తేలిగ్గా ఆగదు.

కాబట్టి కొన్నవాళ్ల ముందు మూడే దారులు. బతిమాలో బేరమాడో నేల కూడా కొనుక్కోవడం, లీజుకు తీసుకోవడం, లేదా భవనాన్ని ఎత్తుకుపోవడం. లీజు చూడటానికి తేలిగ్గా ఉంటుంది గానీ, తక్కువ గడువు నోటీసుతో కంపెనీ రద్దు చేసుకునే షరతు ఉంటే ఆ భవనం మీద బ్యాంకు అప్పివ్వదు, గ్రాంటు ఇచ్చేవాళ్లు కూడా వెనకాడతారు. పరాయి నేల మీద ఎవరు మాత్రం డబ్బు పోస్తారు?

ఎత్తుకుపోవడం వినడానికి విడ్డూరంగా ఉన్నా అక్కడ మామూలే. చెక్క డిపోలు కాబట్టి సాధ్యం. చిమ్నీ విప్పేసి, అడుగున ఉక్కు దూలాలు దూర్చి, జాకీలతో లేపి, చక్రాల మీదికి ఎక్కించి, దారిలో కరెంటు తీగలు ఎత్తిపట్టుకుంటూ మెల్లగా లాక్కెళతారు. ఉత్తర కరోలినాలోని హామ్లెట్‌లో 1900 నాటి అందమైన మలుపు స్టేషన్ ఒకటుంది, రెండు లైన్లు కలిసే మూలలో గుండ్రటి ముఖంతో కట్టినది. 2000 దశకం మొదట్లో దాన్ని పట్టాల అవతలికి జరిపి బాగుచేశారు. అక్కడ అదృష్టమేంటంటే జరిపాక కూడా అది పట్టాల పక్కనే ఉంది, రైళ్లు కనిపిస్తాయి. అదే ఊరి చివర పార్కులో పెట్టి, ముందు ఇరవై అడుగుల పట్టా వేసి, దాని మీద ఒక ఎర్ర బోగీ నిలబెట్టిన డిపోల్ని చూస్తే నాకు మనసొప్పదు. పొడుచుకొచ్చిన కిటికీ ఏ పట్టాల్ని చూడాలి, ఊయలల్నా? అయినా కూల్చేస్తారన్నప్పుడు పార్కే నయం. ఒక చిక్కు మాత్రం ముందే తెలుసుకోవాలి. చోటు మార్చిన భవనాన్ని జాతీయ చారిత్రక రిజిస్టర్‌లో, అంటే విలువైన పాత కట్టడాల ప్రభుత్వ జాబితాలో, మామూలుగా చేర్చరు. దానికి మినహాయింపు కావాలి, అది రావాలంటే కొత్త చోటు పాత చోటుని పోలి ఉందని నిరూపించాలి.

ప్రశ్న: మా ఊరి డిపో గోడకి జాతీయ రిజిస్టర్ ఫలకం ఉంది. ఇక దానికి ఢోకా లేనట్టేగా?

జవాబు: ఢోకా ఉన్నట్టే. ఆ ఫలకాన్ని చూసి చాలామంది ఇలాగే నిశ్చింతగా ఉంటారు. 1966 చట్టంతో వచ్చిన ఆ రిజిస్టర్ ఒక గౌరవం, దానికి కాపలా పని లేదు. ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో, ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) అనుమతులేవీ అక్కర్లేని చోట కూల్చుకుంటానంటే ఆ చట్టం ఆపదు. ఫెడరల్ ప్రభుత్వం డబ్బో అనుమతో ఇచ్చే పని అయితే, ఆ ప్రభుత్వ సంస్థ ముందుగా ఆలోచించాలి, సంప్రదించాలి అంటుంది, అంతే.

నిజంగా పళ్లున్నది ఊరు చేసుకునే చట్టానికి. న్యూయార్క్‌లో పెన్ స్టేషన్‌ని 1963లో కూల్చడం మొదలుపెట్టాక జనం గొల్లుమన్నారు, 1965లో ఆ నగరం కట్టడాల రక్షణ చట్టం తెచ్చుకుంది. తర్వాత అక్కడే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన ఆకాశహర్మ్యం కడతామన్న కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1978లో ఓడిపోయింది. అది మహానగరం గొడవే అయినా, ఊరి చట్టంతో పాత భవనాన్ని కాపాడుకోవచ్చన్న ధైర్యం చిన్న ఊళ్లకు వచ్చింది అక్కణ్నుంచే. మీ ఊరికి అలాంటి చట్టం ఉందో లేదో టౌన్ హాల్లో అడగండి.

ప్రశ్న: డబ్బు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: రెండు ప్రధాన దారులు. రిజిస్టర్‌కెక్కిన భవనాన్ని బాగుచేసి వ్యాపారానికి వాడితే, అర్హమైన ఖర్చులో 20 శాతం ఫెడరల్ పన్నులో తగ్గుతుంది, ఇప్పుడది ఐదేళ్ల మీద పంచుతారు. హోటలుకీ ఆఫీసుకీ పనికొస్తుంది గానీ, అసలు పన్నే కట్టని మ్యూజియం సంఘానికి అది నేరుగా ఉపయోగపడదు. రెండోది రోడ్ల డబ్బు. 1991 రవాణా చట్టం రాష్ట్రాలకిచ్చే నిధుల్లో కొంత భాగాన్ని సైకిల్ బాటలు, పాత రైల్వే కట్టడాల మరమ్మతు లాంటివాటికి పక్కన పెట్టమంది. ఏ హైవేలు డిపోల్ని ఖాళీ చేశాయో ఆ ఖాతా డబ్బే వాటికి కప్పు వేయించింది, చూడండి విచిత్రం. సాధారణంగా ఊరు తన వాటాగా ఐదో వంతు పెట్టుకోవాలి. ఆ వాటా కోసమే పాపం కేకులు చేసి అమ్ముకుంటారు.

ప్రశ్న: దక్షిణాది డిపో ఒకటి చూశాం. రెండు వెయిటింగ్ రూములు, రెండు తలుపులు. ఒకటి తెల్లవాళ్లకి, రెండోది నల్లవాళ్లకట. బాగుచేసేటప్పుడు ఆ గోడ తీసేస్తే మంచిది కదా?

జవాబు: తీయకూడదని నా అభిప్రాయం. ఆ గోడ తీసేస్తే హాయిగా ఒక పెద్ద హాలు వస్తుంది, పెళ్లిళ్లకు అద్దెకివ్వొచ్చు, నిజమే. కానీ ఆ రెండో గది ఎంత చిన్నదో, దాని కిటికీ ఎటు వైపు ఉందో, టికెట్ అడగడానికి అక్కడివాళ్లు ఎక్కడ నిలబడాల్సి వచ్చేదో ఆ గోడ ఉంటేనే తెలుస్తుంది. పక్కన పలక మీద రాసిపెడితే చదివేది ఎంతమంది?

ప్రశ్న: డిపోని మ్యూజియం చెయ్యడం మంచిదా, హోటల్ చెయ్యడం మంచిదా?

జవాబు: నన్నడిగితే అన్నిటికంటే మంచిది మళ్లీ స్టేషన్ చెయ్యడం. మిషిగన్‌లోని డ్యూరాండ్‌లో 1903లో కట్టి, 1905లో కాలిపోతే మళ్లీ కట్టిన పెద్ద స్టేషన్ ఉంది. లోపల మ్యూజియం నడుస్తోంది, బయట ఆమ్‌ట్రాక్ రైలు ఇప్పటికీ ఆగుతుంది. ఇలాంటివి తక్కువ. చాలా ఊళ్లలో పాత డిపో తాళాలతో పక్కనే ఉండగా, ఆమ్‌ట్రాక్ ఒక చిన్న పెట్టెలాంటి గది కట్టి సరిపెట్టింది. జనం వాటిని ఆమ్‌షాక్ అని వెక్కిరించేవారు, షాక్ అంటే గుడిసె. పైన చెప్పాను చూడండి, డిపో లేకున్నా స్టేషన్ ఉంటుందని, అదిదే.

రైలు రాదంటే హోటలుకే నా ఓటు. అరిజోనాలోని విన్‌స్లోలో మేరీ కోల్టర్ డిజైన్ చేసిన లా పొసాడా 1930లో తెరిచారు, స్టేషనూ హోటలూ కలిసిన భవనం. 1957లో మూతపడి రైల్వే ఆఫీసులుగా మారింది. 1997లో కొత్త యజమానులు వచ్చి మళ్లీ హోటల్ చేశారు, ఇప్పుడు గదులు నిండుతున్నాయి. మ్యూజియాలు ఎక్కువగా వాలంటీర్ల మీదే నడుస్తాయి. వాళ్లకి వయసు మీదపడ్డాక తాళం చేతులు తీసుకునే కుర్రాళ్లు దొరకరు, అదే పెద్ద జబ్బు. మినహాయింపులు లేకపోలేదు. మేరీలాండ్‌లోని ఎలికాట్ సిటీ స్టేషన్ 1831లో పూర్తయింది, ఆ దేశంలో మిగిలిన స్టేషన్లలో అదే పాతది, మ్యూజియంగానే నిలబడింది. పట్టాలు తీసేసిన చోట సైకిల్ బాట వేసి డిపోని మజిలీ చెయ్యడం ఇంకో మంచి పద్ధతి. మిస్సోరీలో కేటీ ట్రెయిల్ మీద సెడేలియా డిపో, బూన్‌విల్ డిపో అలా బతికాయి.

ప్రశ్న: మా ఊళ్లో డిపోని కాపాడే సంఘంలో చేరాను. అందరూ పాత లాంతర్లు పోగేస్తున్నారు. ముందు చెయ్యాల్సింది ఏంటి?

జవాబు: లాంతర్లు ఆపించండి. ముందు కప్పు. టార్పాలిన్ అయినా సరే ఈ వారమే కప్పండి, చెక్కకు నీళ్లూ నిప్పూ రెండే శత్రువులు, తలుపులు లేని ఖాళీ డిపోలో రెండోది ఎవరో ఒకరు తెచ్చి పెడతారు. అందుకని తలుపులూ కిటికీలూ మూయండి. తర్వాత నేల ఎవరిదో కాగితాలు తీయించండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, గోకొద్దు. పట్టాల పక్క మట్టిలో కలుపు మందుల ఆర్సెనిక్ ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా తవ్వొద్దు. అసలు రంగు ఏదో తెలియాలంటే తెలిసినవాళ్లతో ఒక మూల పొరలు పొరలుగా తీయించి చూడాలి. రైలు బొమ్మలు చేసే హాబీవాళ్లని కూడా పట్టుకోండి, కంపెనీ పాత ప్లాన్లు వాళ్ల బీరువాల్లో దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు. ఈలోగా లోపలా బయటా, అటక మీదా నేల కిందా, వీలైనన్ని ఫొటోలు తీసి పెట్టండి. కాగితాలు తేలాక మళ్లీ రాయండి, లీజు అయితే షరతులేంటో కూడా రాయండి.