భుజాల మీంచి చేపలు ఈదే ఆ దేవుడు ఈయా
అద్దా ముద్ర అనే పాతకాలపు రాతి ముద్ర ఫోటోలు రెండు చూపించి, అందులో ఉన్నది ఏ రాజని అడిగారు కదా. భుజాల మీంచి నీళ్లు పారుతూ, వాటిలో చేపలు ఈదుతున్న ఆయన రాజు కాదండీ, దేవుడు. తల మీద కొమ్ముల కిరీటం చూడండి, మెసొపొటేమియాలో (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) అది దేవుళ్ల గుర్తు. ఆయన ఈయా, మంచినీళ్లకీ జ్ఞానానికీ అధిపతి. వెనక రెండు ముఖాలతో నిలబడింది ఆయన మంత్రి ఉస్ము. కొండల మధ్య నుంచి రంపంలాంటి కత్తి పట్టుకుని నడుము దాకా పైకొచ్చినవాడు సూర్యదేవుడు షమష్. పొద్దు పొడవడాన్ని అలా చెక్కారన్నమాట, నాకు అన్నిటికంటే ఇష్టమైన బొమ్మ అదే! రెక్కలున్న దేవత ఇష్తార్.

ఈ ముద్ర బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, సుమారు క్రీ.పూ. 2300 నాటిది. ఎత్తు 4 సెంటీమీటర్లు కూడా ఉండదు. అద్దా అనే లేఖకుడి పేరు దాని మీదే ఉంది. రెండు ఫోటోల్లో కుడి ఎడమలు తారుమారయ్యాయని టెన్షన్ పడకండి. ఒకటి బొమ్మలు చెక్కిన గుండ్రటి రాయి, రెండోది దాన్ని మెత్తటి మట్టి మీద దొర్లిస్తే పడిన అచ్చు. బొమ్మల్ని అచ్చులోనే చూసి గుర్తుపట్టండి.