చేపల ట్రాలర్లు మైన్లు ఎలా తీసేవి? దార్దనెల్స్‌లో ఎందుకు తీయలేకపోయాయి?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ చేపల పడవలతో మైన్లు (నీళ్లలో లంగరు తాడుకి కట్టి ఉంచే బాంబులు) ఎలా తీసింది, టర్కీలోని దార్దనెల్స్ జలసంధిలో ఆ జాలర్లు భయపడి పారిపోయారన్నది నిజమేనా అని అడిగారు. రెండో ప్రశ్నకి జవాబు మొదటిదాంట్లోనే ఉంది.

ఆవిరి ట్రాలర్‌కి, అంటే వల ఈడ్చే చేపల పడవకి, డెక్కు మీద గట్టి వించి (తాడు చుట్టి లాగే యంత్రం) ఉంటుంది. బరువైన వలని ఉక్కు తాళ్లతో గంటల తరబడి ఈడ్చడం ఆ మనుషులకి రోజూ చేసే పనే. ఇంగ్లండ్‌లోని గ్రిమ్స్‌బీ రేవులో ఇది చూసే 1907లో బ్రిటిష్ అడ్మిరల్ బెరెస్‌ఫర్డ్ మైన్లు తీయడానికి వీటిని వాడమన్నాడు. వల తీసేసి, చేపల గదిలో పడకలు వేసి, ముందు భాగంలో చిన్న ఫిరంగి బిగించారు. వించి జోలికి పోలేదు.

రెండు ట్రాలర్లు పక్కపక్కన, సుమారు 450 మీటర్ల ఎడంలో నడుస్తాయి. మధ్యలో ఒకటే ఉక్కు తాడు. అది పైకి తేలిపోకుండా ఒక్కో పడవ వెనకాల ‘కైట్’ దించుతారు: ఇనుప పట్టీలు బిగించిన మందపాటి దుంగల చట్రం, టన్ను దాకా బరువు. ఎంత తాడు వదిలితే అంత లోతుకి దిగుతుంది. ఈడ్చే తాడు మైను లంగరు తాడుకి తగిలి రాసుకుంటూ పోతే ఆ లంగరు తాడు తెగుతుంది, మైను పైకి తేలుతుంది. అప్పుడు తుపాకీతో కాల్చి ముంచుతారు. ఒక పడవ కాస్త వెనకబడినా తాడు వదులై అడుగుని పట్టేస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం కైట్ పైకి లాగేటప్పుడు. దానికి మైను చిక్కుకుని వస్తే పేలేది సరిగ్గా పడవ వెనకే. అందుకే చివరి కొన్ని బారలు నీళ్లలోకి చూస్తూ మెల్లగా లాగాలి.

ఇక 1915 మార్చి. దార్దనెల్స్ ప్రవాహం రెండు నుంచి నాలుగు నాట్లు (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు). తాడు ఈడుస్తున్న ట్రాలర్ వేగమే ఐదారు నాట్లు. ఎదురీదితే దాదాపు నిలబడిపోయినట్టే, రెండు ఒడ్లనుంచీ టర్కీ ఫిరంగులకి గురి దొరికినట్టే. అందుకని మార్చి 10 రాత్రి మైన్ల మీదుగా ఎగువకి వెళ్లి, అక్కడ తిరిగి, ప్రవాహంతో పాటు ఈడుస్తూ రావాలనుకున్నారు. సెర్చ్‌లైట్లు కళ్లు చెదరగొడుతుంటే, ఫిరంగి గుళ్లు పడుతుంటే, ఆ టన్ను చట్రాన్ని దించాలి. చాలా జతలు కైట్ దించలేకపోయాయి. ఒక ట్రాలర్ మైను తగిలి మునిగిపోయింది.

తప్పంతా జాలర్లదేనని అధికారులు తేల్చేశారు. ఇప్పటికీ చాలామంది అదే రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ తర్వాత నౌకాదళం నుంచి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్లని ఎక్కించి మార్చి 13 రాత్రి మళ్లీ పంపారు. ట్రాలర్లు దెబ్బతిన్నాయి, కాపు కాసిన అమెథిస్ట్ క్రూజర్ మీద ప్రాణాలు పోయాయి, మైన్ల వరసలు చాలావరకు అలాగే ఉండిపోయాయి. మనుషులు మారినా ప్రవాహం మారలేదు, ఇంజను మారలేదు. మార్చి 18న యుద్ధనౌకలు మునిగాక గానీ, వేగంగా పోయే డిస్ట్రాయర్లకి ఈడ్చే తాళ్లు బిగించాలని పైవాళ్లకి తోచలేదు.