రెండు ఆక్సిజన్ సెన్సార్లూ మార్చాల్సిందేనా?

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, మైలేజ్ పడిపోయింది, షెడ్డులో పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే రెండు సెన్సార్లూ మార్చాలన్నారు, మార్పించాలా అని కదా అడిగారు. తొందరపడకండి, ముందు ఏ కోడ్, అంటే బండి కంప్యూటర్ చూపే తప్పు నంబరు, వచ్చిందో అడగండి, చెప్పకుండా నసిగితే ఆ కోడ్ చదివే ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొనుక్కుని ఫోన్లో మీరే చూసుకోండి, స్టీరింగ్ కిందే పోర్ట్ ఉంటుంది.

మా పెట్రోల్ బండికి పీ0135 వచ్చింది, అంటే ఇంజిన్ వైపున్న మొదటి సెన్సార్ హీటర్ సర్క్యూట్లో తేడా అన్నమాట. ఈ సెన్సార్ దాదాపు 300 డిగ్రీలు దాటితే గానీ సరిగ్గా పనిచేయదు, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. ముందు ఫ్యూజ్ చూశా, బాగానే ఉంది. తర్వాత సెన్సార్ వైర్లు కలిసే ప్లగ్గు, అదే కప్లర్, ఊడదీసి మల్టీమీటర్ పెట్టా, నాలుగు వైర్లలో ఒకే రంగువి రెండుంటాయి, ఎక్కువగా తెల్లవి, అవే హీటర్‌వి, బాగున్నదైతే కొన్ని ఓమ్‌లు చూపిస్తుంది, మాది అసలు కదల్లేదు. ఇక మార్చక తప్పదని తేలిపోయింది.

ఊడదీయడమే అసలు పని. 22 ఎంఎం పానా సరిపోతుంది కానీ వైరు పట్టేలా పక్కన చీలిక ఉన్న సాకెట్ దొరికితే హాయి. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటుంది, రస్ట్ స్ప్రే కొట్టి నానబెట్టి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పండి, బాగా వేడి మీద మాత్రం వద్దు, చెయ్యి కాలుద్ది. కొత్తదాని మర మీద చాలావరకు గ్రీజు లాంటిది కంపెనీవాళ్లే పూసి ఇస్తారు, అది సెన్సార్ కొసకి అంటకూడదు. మొదట వేళ్లతోనే ఎక్కించండి, మర తప్పిందంటే బిల్లు ఎక్కడికో పోతుంది. వైరు సైలెన్సర్ పైపుకి తగలకుండా చూడండి. కోడ్ చెరిపి లైవ్ డేటా చూస్తే వోల్టేజ్ 0.1 నుంచి 0.9 మధ్య ఊగుతూ కనబడింది, లైట్ మళ్లీ రాలేదు.

ఇంక రెండో సెన్సార్, అది పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పనితీరు చూడ్డానికే ఎక్కువగా ఉంటుంది, మైలేజ్ పడిపోయిందని దాన్ని పీకెయ్యడం నాకైతే అర్థం కాదు. మీకు పీ0171, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువైందనే కోడ్, గనక వస్తే సెన్సార్ నిజమే చెబుతుండొచ్చు, ఎగ్జాస్ట్ లీకో వాక్యూమ్ గొట్టం చిరిగిందో ముందు చూడమనండి. కొనేటప్పుడు పార్ట్ నంబర్ చూసి మీ బండి కప్లరే ఉన్నది తీసుకోండి, వైర్లు కోసి అతికించే యూనివర్సల్ రకం నేనైతే వెయ్యను.