సంతకం పెట్టే ముందు నాలుగు రోజులు ఆగు

చిరంజీవి అమ్మడికి, అత్త ఆశీస్సులు.

నీ ప్రోగ్రాం కోసం ఆ కంపెనీ ఇచ్చిందని నువ్వు వాట్సాప్‌లో పంపిన అగ్రిమెంట్ రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఫోన్‌లో అక్షరాలు చిన్నగా ఉన్నాయని పొద్దున్నే ప్రింట్ తీయించుకుని, మళ్లీ మొదటి నుంచి చదివాను. పందొమ్మిది పేజీలు. డబ్బు సంగతి రెండో పేజీలోనే ఉంది. మంచి మొత్తమే, కాదనను. నువ్వు ఫోన్‌లో ఎందుకంత సంబరపడ్డావో అర్థమైంది. కానీ పదకొండో పేజీ చదివావా తల్లీ? నీ ప్రోగ్రాం పేరు, ఇప్పటిదాకా తీసిన ఎపిసోడ్లు, ఇకముందు తీయబోయేవి, నీ ముద్దుపేరుతో వచ్చే ఏ కార్యక్రమమైనా సరే ‘విశ్వమంతటా, శాశ్వతంగా’ ఆ కంపెనీవేనట. అక్కడ ఎర్ర పెన్నుతో గీత గీసి ఫొటో పంపుతున్నాను.

‘అత్తా, నేను ఓప్రాలా ఎదగాలి’ అన్నావు కదా మొన్న. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. అందుకే అమెరికా టీవీలో ముచ్చట్ల షోతో పేరు తెచ్చుకున్న ఆ ఓప్రా విన్‌ఫ్రీ గురించే రాస్తున్నాను. నీకు ఆవిడ సోఫా తెలుసు, చప్పట్లు తెలుసు, 2004లో స్టూడియోలో కూర్చున్న 276 మందికీ కార్లు ఇచ్చిన వీడియో తెలుసు. అవన్నీ ఇవ్వగలిగే చోటికి ఆవిడ ఎలా చేరిందో తెలియాలంటే అంతకు చాలా ముందు సంగతులు చూడాలి.

ముందు ఆ పేరు కథ విను. 1954లో మిసిసిపీ రాష్ట్రంలో కోసియస్కో అనే చిన్న ఊళ్లో పుట్టినప్పుడు బైబిల్లోంచి తీసి ‘ఓర్పా’ అని పెట్టారు. జనం నోళ్లలో అక్షరాలు తారుమారై ఓప్రా అయింది. అమ్మమ్మ దగ్గర పొలంలో పెరిగింది. బట్టలు కొనే స్తోమత లేక అమ్మమ్మ బంగాళాదుంపల గోతాలతో గౌన్లు కుట్టేదట, తోటి పిల్లలు ఏడిపించేవాళ్లట. ఆ తర్వాత బంధువుల చేతుల్లోనే పడ్డ హింస గురించి పెద్దయ్యాక ఆవిడే తన షోలో నోరు విప్పి చెప్పింది. అలాంటి పిల్ల 1986లో సొంత కంపెనీ పెట్టినప్పుడు, తన పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి రాసి ‘హార్పో’ అని పెట్టుకుంది. జనానికి పలకడం రాక మారిపోయిన పేరు అది. దాన్నే ఆస్తి చేసుకుంది. నువ్వేమో మా అమ్మ నిన్ను ఒళ్లో పెట్టుకుని పెట్టిన ముద్దుపేరును పదకొండో పేజీలో రాసిచ్చేస్తున్నావు.

షికాగోకి ఆవిడ 1984 జనవరిలో వచ్చింది. అప్పటికి ఆవిడ చేరిన పొద్దుటి షోకి రేటింగ్ అడుగున ఉంది, ఎదురుగా ముచ్చట్ల షోలకు పెద్ద పేరైన ఫిల్ డోనహ్యూ అంతటి వాడు. కొన్ని నెలల్లోనే అతన్ని దాటేసింది. దేశమంతా షో వెయ్యాలా, ఆ ఊరి స్టేషన్‌లోనే జీతానికి ఉండిపోవాలా అని ఆలోచిస్తున్న రోజుల్లో, సినిమా సమీక్షల షోతో పేరు తెచ్చుకున్న రోజర్ ఈబర్ట్‌తో ఒకసారి భోజనానికి వెళ్లింది. ఆయన పేపర్ నేప్‌కిన్ ఒకటి తీసుకుని, తన షోని ఊరూరి స్టేషన్లకు అమ్మగా ఏడాదికి తన వాటా ఎంత వస్తుందో రాశాడు. తన షోలో ఇద్దరు ఉన్నారు, ఆమె ఒక్కతే కాబట్టి రెండుతో గుణించాడు. తనది అరగంట, ఆమెది గంట, మళ్లీ రెండు. తనది వారానికి ఒకసారి, ఆమెది ఐదు రోజులు, ఐదుతో గుణించాడు. రేటింగ్ ఎలాగూ రెట్టింపు ఉంటుందని ఇంకో రెండు. నువ్వే లెక్క కట్టు, నలభై రెట్లు! ఆ కాగితం చూసి ఆవిడ సిండికేషన్ వైపు, అంటే షోని ఊరూరి స్టేషన్లకు అమ్ముకునే పద్ధతి వైపు వెళ్లింది. 1986 సెప్టెంబర్ 8న షో దేశమంతా మొదలైంది.

అక్కడితో ఆగి ఉంటే బాగా సంపాదించిన యాంకర్ అయ్యేది, అంతే. జెఫ్ జేకబ్స్ అనే షికాగో లాయర్‌ని పక్కన పెట్టుకుని, 1988లో షో యాజమాన్యాన్నే ఏబీసీ అనే టీవీ సంస్థ నుంచి తన హార్పోకి తెచ్చుకుంది. సొంత స్టూడియో కట్టుకుంది. అమెరికా వినోద రంగంలో మేరీ పిక్‌ఫోర్డ్, లూసిల్ బాల్ అనే పాతతరం నటీమణుల తర్వాత సొంత స్టూడియో ఉన్న మూడో మహిళ ఆవిడే. 2003లో ఫోర్బ్స్ జాబితాలో వంద కోట్ల డాలర్లు దాటిన మొదటి నల్లజాతి మహిళగా నిలిచింది. ఆ డబ్బు జీతంలోంచి రాలేదు, హక్కులోంచి వచ్చింది.

నా సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. రామంతపూర్ దూరదర్శన్‌లో క్యాజువల్ అనౌన్సర్‌గా చేశాక, 1998 నుంచి తొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు నిర్మాణ సంస్థకు మధ్యాహ్నం ఆడవాళ్ల ప్రోగ్రాం చేశాను. పేరు నేనే పెట్టాను, సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని టికెట్ వెనక రాసుకున్న పేరు. అగ్రిమెంట్ అంటే నాకు పేమెంట్ వరకే తెలుసు. ఒక సోమవారం షూటింగ్‌కి వెళ్తే మేకప్ రూంలో నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల తప్పేమీ లేదు, చీర సరిగా నిలవక కంగారు పడుతుంటే నా దగ్గరున్న పిన్నులు ఇచ్చి బయటికి వచ్చేశాను. అదే పేరుతో, అదే పాటతో ప్రోగ్రాం ఇంకో రెండేళ్లు నడిచింది. ఇంట్లో ఆ టైమ్‌కి టీవీ పెట్టేవాళ్లం కాదు.

అంతకంటే బాధపెట్టింది ఇంకొకటి. సంక్రాంతికి ఒకసారి మీ నాన్నమ్మని ప్రోగ్రాంకి తీసుకెళ్లాను. అరిసెల పాకం ఎప్పుడు దించాలో వేళ్ల మధ్య చుక్క పట్టి చూపిస్తూ అరగంట మాట్లాడింది. ఆవిడ పోయాక ఆ ఒక్క ఎపిసోడ్ కాపీ ఇమ్మని అడిగాను. టేపుల మీద వేరేవి రికార్డు చేసేశామన్నారు. అడగడానికి నాకు ఏ హక్కూ కాగితం మీద లేదు. మా అమ్మ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు.

అందుకే అమ్మడూ, అమ్మకం వేరు, అద్దె వేరు అన్నది ముందు తెలుసుకో. ఇల్లు అద్దెకిస్తాం గానీ రిజిస్ట్రేషన్ చేసివ్వం కదా. మూడేళ్లకు వాడుకునే అనుమతి ఇవ్వు, హక్కు బదిలీ చెయ్యకు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నాళ్లకో రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే వాళ్లు పనిగట్టుకుని ‘విశ్వమంతటా, శాశ్వతంగా’ అని రాసుకున్నారు. పాత ఎపిసోడ్లు నీవే అని, కొత్తవాటి కాపీ ప్రతి నెలా నీకు ఇవ్వాలని స్పష్టంగా రాయించు. నీ ప్రోగ్రాం పేరును ఈ వారమే ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టు. వినోద కార్యక్రమాలు 41వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో పెడితే ఒక తరగతికి ఫీజు 4,500 రూపాయలు. నీ రింగ్ లైట్ అంతకంటే ఎక్కువ పెట్టి కొన్నావు.

పద్నాలుగో పేజీ కూడా చూడు. ఎవరైనా కేసు వేస్తే బాధ్యతంతా నీదేనట. హక్కులన్నీ వాళ్లవి, కోర్టు మాత్రం నీకు! దీనికి అస్సలు ఒప్పుకోవద్దు. 1996లో పిచ్చి ఆవు జబ్బు గురించి మాట్లాడుతూ ఇక తను బర్గర్ తిననని ఓప్రా ఒక మాట అంది. పశువుల ధరలు పడిపోయాయని టెక్సస్ పశువుల వ్యాపారులు కోటి డాలర్లకు పైగా దావా వేశారు. 1998లో అమరిల్లో ఊళ్లో విచారణ జరిగినన్నాళ్లు పగలు కోర్టుకు వెళ్లి, సాయంత్రం అదే ఊళ్లో షో తీసింది. గెలిచింది. కానీ ఆవిడ వెనక పెద్ద లాయర్లు ఉన్నారు, నీ వెనక నేనూ మీ నాన్నా ఉన్నాం.

‘ఇవన్నీ అడిగితే వాళ్లు వెనక్కి వెళ్లిపోతారేమో’ అని నీకు టెన్షన్. వెళ్తే వెళ్లనీ. నీ దగ్గరికి వాళ్లు ఎందుకొచ్చారో ఒకసారి ఆలోచించు. ఓప్రా ఇరవై రెండేళ్లకు బాల్టిమోర్‌లో సాయంత్రం వార్తలు చదివే పెద్ద ఉద్యోగంలో చేరింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఆ వార్తల కుర్చీలోంచి తీసేశారు. ఇల్లు కాలిపోయిన వాళ్ల గురించి చెబుతూ తనే కదిలిపోయేది, వార్తలకు అది పనికిరాదు. జుట్టు బాగాలేదని సెలూన్‌కి పంపితే అక్కడి మందుకు మాడు మండి జుట్టంతా ఊడిపోయింది. 1978లో, ఇక దేనికీ పనికిరాదన్నట్టు ఒక పొద్దుటి ముచ్చట్ల షోలో కూర్చోబెట్టారు. మొదటి రోజే ఇది నా చోటు అనుకుంది. వార్తల్లో లోపమన్న గుణం అక్కడ బలమైంది.

నీలోనూ అది ఉంది, కానీ దాన్ని నువ్వే ఆపుకుంటున్నావు. ఇడ్లీ బండి ఆవిడతో చేసిన ఎపిసోడ్ మూడుసార్లు చూశాను. కొడుకు ఫీజు కోసం పుస్తెలు తాకట్టు పెట్టానని చెప్పి ఆవిడ కళ్లు దించుకుంది. నువ్వు చేతిలోని కార్డు చూసి ‘మరి మీ చట్నీ స్పెషల్ ఏంటి?’ అన్నావు. నాకు గుండె కలుక్కుమంది. నాలుగు సెకన్లు ఊరుకో తల్లీ. కార్డు ఒళ్లో పెట్టెయ్. మనిషి చెప్పదలచుకున్న అసలు మాట ఆ మౌనం తర్వాతే వస్తుంది. ఎడిటర్ కోసేస్తానన్నా కోయనివ్వకు. ఆ కంపెనీ నీ కుర్చీలో రేపు ఇంకొకరిని కూర్చోబెట్టగలదు గానీ, నువ్వు ఆ నాలుగు సెకన్లు ఆగడం ఇంకొకరికి రాసివ్వలేదు.

ఎడిటర్ అంటే గుర్తొచ్చింది. ఆ కెమెరా అబ్బాయికి, ఎడిటింగ్ పిల్లకి ఎంతిస్తున్నావు? షికాగోలో తన ప్రొడ్యూసర్ల జీతాలు పెంచమని ఓప్రా అడిగితే, ఆడపిల్లలే కదా, వాళ్లకి ఎక్కువ డబ్బెందుకు అన్నాడట పై అధికారి. పెంచకపోతే నేను పని చెయ్యను అంది. పెంచారు. నువ్వు ఈ అగ్రిమెంట్‌లోనే వాళ్ల వాటా రాయించు, తర్వాత చూద్దాం అంటే అవ్వదు.

ప్రమోషన్ల గురించి కొంచెమే చెబుతాను. ఆవిడ అన్నీ సరిగ్గా చేసిందని కాదు, శాస్త్రం ఒప్పుకోని వైద్యం మాటలకు కూడా తన షోలో చోటిచ్చిందన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. కానీ బరువు తగ్గించే కార్యక్రమాలు నడిపే వెయిట్ వాచర్స్ కంపెనీ సంగతి చూడు. 2015లో దాదాపు 4.3 కోట్ల డాలర్లు పెట్టి పదిశాతం వాటా కొంది. 2023 చివర్లో బరువు తగ్గే మందు వాడుతున్నానని బయటికి చెప్పాక, మరుసటి ఏడాది బోర్డు నుంచి తప్పుకుని, తన షేర్లు ఒక మ్యూజియంకి ఇచ్చేసింది. నీకు వచ్చిన ఆ స్లిమ్ పౌడర్ ప్రమోషన్ నువ్వు తాగి చూశావా? తాగకపోతే వద్దని ఈ రోజే మెసేజ్ పెట్టు. నిన్ను చూసేది మన వీధిలో ఉండేలాంటి ఆడపిల్లలే.

నాకు తెలిసిన లాయర్ గారు ఆదివారం పదకొండింటికి మన ఇంటికి వస్తామన్నారు. అప్పటిదాకా వాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ‘ఇంట్లో పెద్దవాళ్లు చదువుతున్నారు’ అని చెప్పు. ఆధార్ కార్డు, పాత ఎపిసోడ్లన్నీ ఉన్న హార్డ్ డిస్క్ తెచ్చుకో. ఇంకో డిస్క్ నేను కొని ఉంచాను, ఒక కాపీ మా బీరువాలో మీ నాన్నమ్మ చీరల కింద పెడదాం.

నీ
అత్త